సగం మీసాల నీటికుక్క

పొద్దున్న ఏడున్నరకి వంటింటి కిటికీ రెక్క ఒకటి జానెడు తెరిచి పెట్టాలి. జంతువులు బయటికి వెళ్ళే వేళ అది. ముందు గుర్రం, దాని వెనక జింకలు, ఆ తర్వాత ఏ తొందరా లేని తాబేలూ ఏనుగూ ఆల్బంలోంచి దిగి, గట్టు మీదుగా నడిచి, కిటికీ దాటి నీళ్ళ పైపు పట్టుకుని మూడంతస్తులు కిందికి జారిపోయేవి. అన్నీ అగ్గిపెట్టెంతే. ఎప్పుడో చిన్నప్పుడు చూయింగ్ గమ్ పొట్లాల్లో వచ్చిన కార్డులవి. కార్డు మీద ఎలుకనీ ఏనుగునీ ఒకే సైజులో అచ్చు వేశారు కాబట్టి బయటికొచ్చినా రెండూ ఒకే సైజు. ఆ సంగతి ఎలుకకి బాగా తెలుసు. ఏనుగుని మోచేత్తో పక్కకి తోసుకుంటూ నడిచేది.

"తడిగట్టు, తడిగట్టు! జారతారు," అని అమ్మ పొయ్యి దగ్గర్నుంచి రోజూ కేకేసేది. కింద వాచ్‌మన్ స్కూటర్లు తీసేవాళ్ళని ఒక్క నిమిషం ఆపేవాడు. పక్క సందులో టైలరు గుమ్మం ముందు ఒక మెత్తటి గుడ్డముక్క పరిచి ఉంచేవాడు. పులి కాసేపు అక్కడ పడుకునేది.

ఈ జంతువుల యజమానురాలిని పనిచేసే చోట అందరూ లేబులక్క అంటారు. రక్తపరీక్షల ల్యాబులో గొట్టాలకి లేబుళ్ళు అంటించడం ఆమె పని. నలభై మూడేళ్ళ మనిషి. ఇరవై ఏళ్ళ నౌకరీలో ఒకరి రక్తం ఇంకొకరి పేరు మీదికి ఒక్కసారి కూడా వెళ్ళనివ్వలేదు. పెళ్ళి చేసుకోలేదు. వద్దనుకుని కాదు, పని చేసుకుంటూ ఉండగా ఆ వయసు దాటిపోయిందంతే.

సాయంత్రం ఆరింటికి జంతువులు తిరిగొచ్చేవి. అప్పుడామె కాళ్ళు కడుక్కుని పాత కంప్యూటరు ముందు కూర్చుని, కార్డుల సాఫ్ట్‌వేర్ తెరిచి, బళ్ళో టీచరులా హాజరు వేసేది. ఒక్కో కార్డుకీ ఒక వరస. వరసలో గడులు: నంబరు, పేరు, ఆల్బంలో ఎన్నో పేజీ, స్థితి, ఎవరికిచ్చారు. స్థితి గడిలో ఐదు మాటలే పడతాయి. కొత్తది, బాగుంది, పర్వాలేదు, నలిగింది, పనికిరాదు. ఒంటె కార్డు మూల మడతపడింది కనుక ఒంటె కుంటుతుంది, అందుకని దానికి నలిగింది. మొత్తం రెండువందల పన్నెండు కార్డుల్లో ఆమె దగ్గర రెండువందల పదకొండు ఉన్నాయి. అరవైమూడో నంబరు, ఒంటినిండా పొలుసులుండే అలుగు, ఒక్కటీ లేదు.

"మరి నా స్థితి ఏంటే?" అని అమ్మ ఓసారి అడిగింది.

"పర్వాలేదు," అంది కూతురు తెర మీంచి కళ్ళు తిప్పకుండా.

"కన్నతల్లిని పట్టుకుని ఆ మాటా!" అని అమ్మ రెండు రోజులు ఆ మాటే పట్టుకుని తిరిగింది.

ఒక సాయంత్రం హాజరు వేస్తూ ఎనభై ఎనిమిదో నంబరు దగ్గర ఆగిపోయింది లేబులక్క. నీటికుక్క వచ్చింది. కార్డులోకి ఎక్కి, ఎప్పటిలాగే ముందుకాళ్ళు ఛాతీ మీద పెట్టుకుని కూర్చుంది. కానీ ఎడమవైపు మీసాల్లేవు.

"అమ్మా, ఇది మనది కాదు."

అమ్మ కళ్ళజోడు పెట్టుకుని చూసింది. "ఎక్కడో ఊడిపోయుంటాయిలే."

"ఊడలేదు. ఆ పక్క అచ్చు పడలేదు. మనదానికి రెండువైపులా ఉన్నాయి. ఇదెవరిదో. మనది వాళ్ళింట్లో ఉంది."

ఆ రాత్రి అన్నం సరిగ్గా సహించలేదామెకి. పరాయి వాళ్ళ వస్తువు తన పేరు కింద ఉండటం ఆమె వల్ల అయ్యే పని కాదు. మర్నాడు ల్యాబున్న మేడలో లిఫ్టెక్కితే, బటన్ల పైన ఒక కాగితం అంటించి ఉంది. "నా 88 నీటికుక్క బదులు మీసాలు రెండువైపులా ఉన్నది వచ్చింది. స్థితి: కొత్తది. జాగ్రత్తగా ఉంచాను. మీదైతే ఫోన్ చేయగలరు." కింద నంబరు. ఆ ‘స్థితి’ అన్న మాట దగ్గర ఆమె కళ్ళు ఆగాయి. తన అంతస్తు దాటిపోయినా చూసుకోలేదు.

ఆ కాగితం పెట్టినాయన లిఫ్టులు బాగుచేసే మనిషి. ఊళ్ళో తను చూసే ప్రతి లిఫ్టులోనూ ఒకటి అంటించాడు. నలభై ఏడేళ్ళుంటాయి, ఒక్కడే ఉంటాడు, గోళ్ళ సందుల్లో గ్రీజు ఎంత కడిగినా పోదు. ఆదివారం పదకొండింటికి బస్టాండు పక్క టీ కొట్లో కలుసుకున్నారు. రెండు కార్డులూ బల్ల మీద పక్కపక్కన పెట్టారు. నీటికుక్కలు రెండూ లేచి, ఒకదాన్నొకటి మూతితో ఒకసారి ముట్టుకుని, ఎవరి కార్డులోకి అవి వెళ్ళాయి.

ఆయన సంచిలోంచి ఒక ప్రింటు తీశాడు. ఆమె కూడా సరిగ్గా అలాంటిదే తీసింది.

"మీదీ ఇదే సాఫ్ట్‌వేరా?"

"మూడో వెర్షనండీ. నాలుగోది ఇంటర్నెట్ అడుగుతుంది."

"అడుగుతుంది!" అందామె. ఈ బాధ తెలిసిన మనిషి ప్రపంచంలో ఇంకొకరుంటారని ఆమె ఎప్పుడూ అనుకోలేదు.

"ఒక మాటడగనా," అన్నాడు లిఫ్టాయన గొంతు తగ్గించి. "మీ దగ్గర అరవైమూడు ఉందా?"

"లేదండీ. మీ దగ్గర?"

"లేదు."

ఇద్దరూ ఇంకో టీ చెప్పారు. ఆ లేకపోవడం కూడా ఇద్దరికీ ఒకటే కావడం బాగుంది.

బుధవారానికల్లా నీటికుక్కలు మళ్ళీ మారాయి. ఆమె ‘ఎవరికిచ్చారు’ గడిలో లిఫ్టాయన అని రాసి తేదీ వేసింది. ఆదివారం మళ్ళీ టీ కొట్టు. ఆ తర్వాత వారం మళ్ళీ మారాయి. అలా నాలుగు నెలలు నడిచింది. ప్రతి ఆదివారం రెండు కార్డులు బల్ల మీద పెట్టడం, తప్పు సరిదిద్దడం, ఒకరి ప్రింటు మీద ఒకరు సంతకం పెట్టడం. ఎందుకిలా జరుగుతోందని ఇద్దరూ తెగ పరిశోధించారు. ప్లాస్టిక్ కవరు బిగుతుగా ఉందేమోనని ఆమె కవర్లు మార్చింది. ఆయన ఆల్బం అటునుంచి ఇటు జరిపాడు. ఒక రోజు కిటికీ తెరవకుండా చూస్తే, నీటికుక్క రోజంతా కార్డులో అటు తిరిగి కూర్చుని వీపు చూపించింది. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. కారణం టీ కొట్టువాడికి తెలుసు, వాచ్‌మన్‌కి తెలుసు, కుంటి ఒంటెకి తెలుసు. ఈ ఇద్దరికే తెలీదు. లెక్క సరిగ్గా ఉంచడంలో అంత మునిగిపోయారు.

అలా ఉండగా ల్యాబువాళ్ళు వేరే ఊళ్ళో కొత్త శాఖ తెరుస్తూ లేబులక్కని పిలిచారు. అక్కడ నమూనాల విభాగానికి పెద్దగా వెళ్ళమన్నారు. ఒకటో తారీకున చేరాలి. ఇక్కడ నన్ను ఆపేదేముంది అనుకుని ఆమె సరేనంది.

ఆదివారం ఆయనతో చెప్పింది. లిఫ్టాయన గ్లాసు కింద పెట్టాడు, మళ్ళీ తీశాడు, మళ్ళీ పెట్టాడు.

"మంచి అవకాశమండీ," అన్నాడు. "ఆల్బం ఎలా తీసుకెళ్తారు? లారీలో కుదుపుంటుంది."

తర్వాతి ఆదివారం ఒక చెక్కపెట్టె తెచ్చాడు. స్వయంగా చేశాడు. లోపల దూది పరుపు, జంతువులకి గాలాడటానికి పక్కల్లో చిన్న చిన్న రంధ్రాలు, మూతకి ఇత్తడి గొళ్ళెం. ఆ గొళ్ళెం ఎలా వేయాలో, ఎలా తీయాలో గంటసేపు చెప్పాడు. ఆమె శ్రద్ధగా విన్నది. ఇంటికెళ్ళే బస్సెక్కి కూర్చున్నాక మాత్రం పెట్టె ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. నలభై మూడేళ్ళకి మొదటిసారి ఒక మనిషిని వదిలి వెళ్ళబుద్ధి కావడం లేదు, ఆ సంగతి ఆ మనిషికి ఎలా చెప్పాలో తెలియడం లేదు.

"పెట్టె చేసిచ్చాడా?" అంది అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి. "ఆయనకి నోరు లేదుటే?"

"ఉందమ్మా. పెట్టె గురించి గంట మాట్లాడాడు."

"ఇద్దరికిద్దరూ సరిపోయారు," అని అమ్మ వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు కొంచెం గట్టిగానే సర్దింది.

సామాను కట్టేసిన రోజు వచ్చింది. మర్నాడు పొద్దున్నే లారీ. సాయంత్రం ఆరయింది, ఆరున్నరయింది. కిటికీ తెరిచే ఉంది. గుర్రం రాలేదు, జింకలు రాలేదు, తాబేలుకి ఆలస్యం మామూలే కానీ మిగతావేమీ రాలేదు. ఆల్బం తెరిస్తే రెండువందల పదకొండు కార్డులూ ఖాళీగా ఉన్నాయి. గడ్డీ చెట్లూ మాత్రం ఉన్నాయి, వాటి ముందు ఎవరూ లేరు. లేబులక్క లిఫ్టాయనకి ఫోన్ చేసింది.

"ఇక్కడే ఉన్నాయండీ," అన్నాడు లిఫ్టాయన. "అన్నీను. నేనే మీకు చేద్దామనుకుంటున్నా, ఫోన్ మీద సింహం పడుకుంది. నావి కూడా కిందికి దిగి వాటితో కలిసిపోయాయి. ఎవరిది ఏదో తెలియట్లేదు."

ఆమె ఆల్బం, ఫైలున్న పెన్‌డ్రైవూ సంచిలో వేసుకుంది. అమ్మ అప్పటికే చెప్పులేసుకుని గుమ్మంలో ఉంది.

"నువ్వెందుకమ్మా?"

"రెండు వందల పైన జంతువులు. నువ్వొక్కదానివే ఎలా తెస్తావు?" అంది అమ్మ. అసలు కారణం అది కాదని చెప్పక్కర్లేదు.

ఆయన గది చిన్నది. ఒక మంచం, ఒక కుర్చీ, ఒక కంప్యూటరు, గోడకి వేలాడదీసిన నట్లు బిగించే పానాలు. నేల మీద, మంచం మీద, కిటికీ అంచు మీద, ఎక్కడ చూసినా జంతువులే. అమ్మకి మంచం మీద ఇంత చోటు చేసి కూర్చోబెట్టారు. ఆవిడ ఒళ్ళోకి రెండు కుందేళ్ళు ఎక్కాయి. లేబులక్కా లిఫ్టాయనా నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని విడదీయడం మొదలుపెట్టారు. నీటికుక్కలు సులువు. కుంటి ఒంటె ఆమెది, తోక మీద సిరా మరకున్న నక్క ఆయనది. అలా ఓ నలభై జతలు తేలాయి. మిగతా నూట డెబ్భై ఒక్క జతలకీ ఇద్దరి జాబితాల్లోనూ ఒకటే మాట: కొత్తది. రెండు పులులు ఎదురుగా కూర్చుని ఆవలిస్తున్నాయి, వెంట్రుకంత తేడా లేదు.

"ఏదో ఒకటి తీసేసుకోవే," అంది అమ్మ.

"అదెలా కుదురుతుందమ్మా!" అంది కూతురు. "అదెలా కుదురుతుందండీ," అన్నాడు ఆయన కూడా.

చివరికి ఆయనే అన్నాడు. "మీ ఫైలూ నా ఫైలూ ఒకే తెర మీద పక్కపక్కన పెట్టి చూద్దాం. ఏమైనా తేడా దొరకొచ్చు."

పెన్‌డ్రైవ్ పెట్టాడు. ఆయన జాబితా తెరిచి ఉండగా ఆమె జాబితా తెరవబోయేసరికి సాఫ్ట్‌వేర్ ఒక చిన్న పెట్టె చూపించింది. దాన్లో ఇలా ఉంది:

ఈ రెండు సేకరణలనూ కలపాలా? కలిపిన తర్వాత విడదీయడం కుదరదు.

కింద రెండు బటన్లు. అవును. కాదు.

లిఫ్టాయన మౌసు మీంచి చెయ్యి తీసేశాడు. గదిలో జంతువులన్నీ ఎక్కడివక్కడ నిలబడిపోయాయి.

"ఏమంటోందే అది?" అంది అమ్మ.

కూతురు చదివి వినిపించింది.

"హమ్మయ్య," అంది అమ్మ. "నాలుగు నెలల నుంచి ఎవరూ అడగని మాట ఆ మిషనైనా అడిగింది. ఏం బాబూ, మేం వెళ్ళే ఊళ్ళో మేడల్లేవా?"

"ఉంటాయండీ."

"మేడలుంటే లిఫ్టులుంటాయి. లిఫ్టులుంటే చెడిపోతాయి. అవునా?"

"చెడిపోతాయండీ," అన్నాడాయన. తర్వాత లేబులక్క వైపు తిరిగాడు. చెవులు ఎర్రబడ్డాయి. "నాకు మీతో రావాలని ఉందండీ. పెట్టెకి కొలతలు తీసేటప్పుడే అనుకున్నాను. గొళ్ళెం బిగించేటప్పుడూ అనుకున్నాను. మీకు చెప్పేటప్పటికి గొళ్ళెం గురించే వచ్చింది."

"నాకు ఆ గొళ్ళెం ఎలా వేయాలో మొదటి నిమిషంలోనే అర్థమైంది," అంది లేబులక్క. "మీరు ఇంకా ఏమైనా చెప్తారేమోనని గంట కూర్చున్నాను."

ఆమె మౌసు తన వైపు లాక్కుంది. ఇరవై ఏళ్ళుగా ఏ లేబులూ రెండుసార్లు చదవకుండా అంటించని మనిషి కదా, ఆ పెట్టెలోది కూడా మళ్ళీ ఒకసారి మొత్తం చదివింది. విడదీయడం కుదరదు అన్నది కూడా చదివింది. అవును నొక్కింది.

నాలుగువందల ఇరవై రెండు కార్డులు, అంది తెర. డూప్లికేట్లు రెండువందల పదకొండు, తొలగించాలా అని కూడా అడిగింది.

"వద్దు," అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

ఆ తర్వాత పెద్ద పనేం లేకపోయింది. రెండు ఆల్బంలూ నేల మీద తెరిచి పెడితే జంతువులు తమంతట తామే ఎక్కాయి. ఏది ఎవరి ఆల్బంలోకి పోయిందో చూసే అవసరం లేదిప్పుడు. అమ్మ ఒళ్ళోంచి కుందేళ్ళు అన్నిటికన్నా చివర దిగాయి.

"ఇంతకీ ఇన్ని కలిపాక ఆ అలుగు దొరికిందా?" అని అడిగిందావిడ.

"లేదమ్మా. అది ఇద్దరి దగ్గరా లేదు."

"పోనీలే. ఆదివారాలు వెతుక్కోడానికి ఏదో ఒకటి ఉండాలిగా."

లిఫ్టాయన టీ పెట్టడానికి లేచాడు. లేబులక్క కుర్చీలో కూర్చుని ఎనభై ఎనిమిదో వరస తెరిచింది. ‘ఎవరికిచ్చారు’ గడిలో నాలుగు నెలల తేదీలున్నాయి, ప్రతి తేదీ పక్కనా లిఫ్టాయన పేరు. ఒక్కొక్కటీ చదువుతూ పైనుంచి కిందిదాకా తుడిచేసి, ఆ గడి ఖాళీగా వదిలి, సేవ్ చేసింది.