చిక్కటి ఆయిల్

కారు కింది గుంతలో నిలబడి ముతీ ఆయిల్ బోల్టు చివరి చుట్టు వేళ్లతోనే తిప్పాడు. వేడి ఆయిల్ నల్లని తాడులా జారి డబ్బాలో పడింది. రెండు చుక్కలు వేళ్ల మధ్య రుద్ది ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. పెట్రోలు వాసన, ఆయిల్లో ఉండకూడనిది. ఈ కారు నిన్ననే వేరేచోట పరీక్ష చేయించానని, అంతా బాగుందని పైన నిలబడ్డ ఆసామి చెప్పాడు. అయితే ఈయనైనా అబద్ధం చెబుతూ ఉండాలి, లేకపోతే ఆ వేరేచోటివాడైనా దొంగ అయి ఉండాలి. ఆలోచించి చూస్తే ఇద్దరూ కావచ్చు.

ముతీ పొట్టిగా, వెడల్పుగా ఉంటాడు. ఎప్పుడో ఒక స్ప్రింగు ఎగిరివచ్చి తగిలినప్పటి నుంచి ఎడమ కనుబొమ పైకి లేచి అలాగే ఉండిపోయింది. దాంతో సలాం చెప్పినవాడికి కూడా తనను నిలదీస్తున్నట్టే అనిపిస్తుంది. సబ్బుకు లొంగని నలుపు గోళ్ల చుట్టూ నెలవంకల్లా పేరుకుపోయింది. అమ్మాన్‌లో, బయాదర్ పేట కార్ల షెడ్ల మధ్య, ఈ ఆయిల్ దుకాణంలోనే అతని తల నెరిసింది. సీలున్న డబ్బానైనా మూత తీసి వాసన చూడందే ఇంజన్లో పొయ్యడు. ఫలాఫెల్ రొట్టె కొంటే విప్పి చూసిగానీ కొరకడు. “ప్రాణం తీసుకుపోయే దేవదూత వచ్చినా గుర్తింపు కార్డు చూపించమంటావు నువ్వు,” అంటుంది భార్య ఖితామ్.

ఒకప్పుడు తమ్ముడు షాహెర్ ఇద్దరం కలిసి సొంత దుకాణం పెడదామన్నాడు. చోటు ఎవరి పేరున ఉంటుంది, తాళాలు ఎవరి దగ్గరుంటాయి, నువ్వు లేని రోజు గల్లా ఎవరు చూస్తారు అని ముతీ ప్రశ్న మీద ప్రశ్న వేశాడు. షాహెర్ విసిగిపోయి ఒక్కడే పెట్టుకున్నాడు. ఇప్పుడు ఆ దుకాణం ముందు కార్లు వరసలో నిలబడతాయి. ఆ వీధిలోకి వెళ్లాల్సి వస్తే ముతీ చుట్టుతిరిగి వెళతాడు.

వాన కాస్త తెరిపి ఇచ్చిన వేళకు నల్లటి పాత జర్మన్ కారు షెడ్డు ముందు ఆగింది. పొడవాటి బండి. దాని ముందు భాగమే ఒక చిన్న గది అంత ఉంటుంది. రంగు అక్కడక్కడ వెలిసింది కానీ ఇత్తడి పాత్రను తోమినట్టు తోమి ఉంచారు. డ్రైవర్ బరకాత్ దిగాడు. సన్నటి మనిషి, బూడిద రంగు కోటు, గుండీలన్నీ పెట్టుకున్నాడు. ఆ కారు కొత్తగా వచ్చిన రోజు నుంచీ నడుపుతున్నది అతనే. మొదట వకీలుగారి దగ్గర, ఆయన పోయాక ఆయన భార్య నజ్లా అమ్మగారి దగ్గర.

“మామూలుదేగా అన్నా?” అంటూ ముతీ పది-నలభై నంబరు ఆయిల్ డబ్బా అందుకోబోయాడు.

“కాదు. ఈసారి చిక్కటిది, ఇరవై-యాభై పొయ్యి.”

ముతీ చెయ్యి ఆగిపోయింది.

“ఈ చలిలోనా? పొద్దున్నే స్టార్టు చేస్తే అది తేనెలా పాకుతుంది. పైదాకా ఎక్కేలోపు ఇంజన్ పైభాగమంతా అరిగిపోతుంది. నీకు తెలీదా?”

“తెలుసు. పొయ్యి.”

“ఎవరు చెప్పారు?”

“అమ్మగారు.”

“అమ్మగారికి ఆయిల్ నంబర్లు ఎప్పటినుంచి తెలుసు?”

బరకాత్ చూపు తప్పించాడు. ముతీ అడక్కుండానే డ్రైవరు సీట్లో కూర్చుని తాళం తిప్పాడు. కళ్లు మూసుకుని విన్నాడు. ఇంజన్ బాగానే అందుకుంది. కానీ కాలితో కొంచెం నొక్కగానే అడుగు నుంచి, తలుపు అవతల ఎవరో పిడికిలితో తట్టినట్టు, బరువైన చప్పుడు వచ్చింది. వదిలేశాడు. మళ్లీ నొక్కాడు. అదే చప్పుడు.

ఇంజన్ అడుగున బేరింగు అరిగింది.

ఆ చప్పుడు అతని ఒంట్లో గుర్తుంది. పెద్దల్లుడికి కారు కొనిపెట్టినప్పుడు అది పిల్లిలా నడిచింది. ఎడారి దారిలో సగందూరం పోగానే ఇంజన్ ముక్కలైంది. అమ్మినవాడు గంజిలాంటి ఆయిల్ పోసి చప్పుడు నొక్కేశాడు. ఇంతమంది కార్లు చూసే ముతీ సొంత ఇంటివాళ్ల కారు దగ్గర మోసపోయాడని వీధంతా నవ్వింది.

తాళం తీసి చేతిలో పెట్టుకుని దిగాడు.

“ఎవరికి అమ్ముతున్నావు?”

“ఏమిటీ?”

“చప్పుడు దాచి ఎవరి గొంతు కొయ్యబోతున్నావు అంటున్నా. ముసలావిడకు తెలుసా, లేక ఆవిడ నిద్రపోతుండగా బేరం కుదిర్చావా?”

బరకాత్ తాళం కోసం చెయ్యి చాచాడు. “నోరు అదుపులో పెట్టుకో ముతీ. నీకంటే పెద్దవాణ్ణి.”

“దొంగలు కూడా పెద్దవాళ్లవుతారు.”

“తాళం ఇటివ్వు. బయాదర్‌లో నువ్వొక్కడివేనా?”

“ఇస్తాను. అమ్మగారి చేతికిస్తాను. పద, ఆవిణ్ణే అడుగుదాం.”

తాళం తానే పెట్టి తిప్పి, దారిపొడుగునా ముతీ బరకాత్ పక్కన ముల్లు చూస్తూ కూర్చున్నాడు. సిగ్నల్ దీపాల దగ్గర ఆగినప్పుడల్లా ఆయిల్ ఒత్తిడి చూపే ఆ ముల్లు నీరసంగా కిందికి వాలుతోంది. అది వాలినప్పుడల్లా బరకాత్ చేతులు స్టీరింగు మీద బిగుసుకుంటున్నాయి.

మరో సిగ్నల్ దగ్గర బ్రేకు నొక్కుతూ బరకాత్ అన్నాడు, “అమ్మటం లేదు. ఆవిడకు వినిపించకూడదని.”

“ఎందుకూ?”

“వింటే ఏమంటుంది? ‘బరకాత్, బండి పని అయిపోయింది, నువ్వూ ఇక విశ్రాంతి తీసుకో’ అంటుంది. మంచి మాటే. ఆ మాట విన్నాక నేను ఎక్కడికి పోవాలి? చెల్లెలింటికా? అక్కడ నాకు మంచం లేదు, సోఫా ఉంది.”

ముతీ నమ్మలేదు. ఇంతకంటే జాలిగొలిపే కథలు ఇంతకంటే పెద్ద దొంగలు చెప్పగా విన్నాడు.

జబల్ అమ్మాన్ పేటలో రాతి ఇల్లు. పెరట్లో రేకుల కింద కారు ఆగే చోటు, దానికి ఎదురుగా వంటింటి కిటికీ. నజ్లా అమ్మగారు ఆ కిటికీ దగ్గర కూర్చుని పళ్లెంలో మసూర్ పప్పు ఏరుతోంది. కళ్లు మసకబారి వేళ్లతోనే రాళ్లు వెతుకుతోంది.

“బరకాత్, రొట్టె అయిపోయింది. మూల దుకాణం దాకా వెళ్లి రా,” అంది వచ్చినవాడెవరో కూడా అడక్కుండా. బరకాత్ ముతీ వైపు బతిమాలుతున్నట్టు ఒక చూపు చూసి వెళ్లాడు.

“అమ్మగారూ, నేను ఆయిల్ దుకాణం ముతీని. కారు అమ్ముతున్నారా?”

“పదేళ్లుగా నా కారు ముట్టుకుంటున్నావు, ఇంట్లోకి రావడం ఇదే మొదలు. వచ్చీ రాగానే ఇదా అడగడం?” ఆమె నవ్వింది. “లేదు నాయనా. కూర్చో.”

“మరి చిక్కటి ఆయిల్ పొయ్యమని మీరే చెప్పారట.”

ఆమె వేళ్లు పప్పులో ఆగాయి. “అలా చెప్పాడా? అయితే నేనే చెప్పాను.”

ముతీ కనుబొమ మరికాస్త లేచింది. ఈ మోసంలో ఇద్దరూ కలిసే ఉన్నారన్నమాట.

ఆమె కిటికీ వైపు తల తిప్పి గొంతు తగ్గించింది. “ఆలివ్ కాయలు కోసే రోజుల నుంచీ ఆ చప్పుడు వింటున్నాను. కళ్లు పోయినవాళ్ల చెవులు ఊరుకుంటాయా? నాకు తెలిసిందని తెలిస్తే అతనికి సిగ్గు. నడవని బండికి జీతమెందుకని కోటు మడిచి పెట్టుకుని పోతాడు. అంత పౌరుషం మనిషికి. పోయాక ఈ ఇంట్లో పొద్దున్నే నాతో పోట్లాడేదెవరు? వారానికి ఒకసారి ఆసుపత్రి, ఆదివారం చర్చి. అంతేగా తిరిగేది. అతను ఏది పొయ్యమంటే అది పొయ్యి. నాకు వినిపించటం లేదనే అనుకోనీ.”

ముతీ ఆమె ముఖంలో ఎక్కడైనా అబద్ధం ఉందేమోనని వెతికాడు. చాలాసేపు వెతికాడు. ఆమె అతని ముందుకు కాఫీ కప్పు జరిపింది. అలవాటు కొద్దీ వాసన చూసి, సిగ్గుపడి, తాగాడు.

తిరిగి వచ్చేటప్పుడు బరకాత్ ఉండబట్టలేక అడిగాడు. “ఏమంది?”

“కాఫీలో చక్కెర చాలిందా అని అడిగింది.”

“చప్పుడు గురించి?”

“ఏ చప్పుడు? ఆవిడ చెవులు నా చెవుల్లాంటివా?”

ఎదుటివాళ్ల అబద్ధాలు పట్టుకోవడమే తప్ప తను ఆడటం ముతీకి రాదు. మాట నాలుక మీద ఎగుడుదిగుడుగా వచ్చింది. కానీ బరకాత్ దాన్ని రెండు చేతులా అందుకున్నాడు. భుజాలు కిందికి దిగాయి. 

దుకాణంలో ముతీ డబ్బాల ముందు నిలబడి ఆలోచించాడు. ఇరవై-యాభై పోస్తే చప్పుడు అణుగుతుంది, కానీ చలికి పొద్దున్నే ఆయిల్ అందక ఇంజన్ పైభాగం ఎండిపోతుంది. పది-నలభై అయితే పొద్దున హాయి, వేడెక్కాక మళ్లీ ముల్లు వాలుతుంది. వెనక వరసలోంచి పదిహేను-యాభై తీశాడు. చలిలో ఇరవై-యాభై కంటే త్వరగా పారుతుంది, వేడిలో దానంత చిక్కగా నిలుస్తుంది. మూత తీసి వాసన చూశాడు.

“ఇది బాగుచెయ్యడం కాదన్నా, సర్దుకుపోవడం,” అన్నాడు పోస్తూ. “స్టార్టు చెయ్యగానే కదలకు. ముల్లు లేచి నిలబడే దాకా కూర్చో. చలిలో తొక్కకు. ఎత్తు ఎక్కేటప్పుడు గేరు తగ్గించు.”

“కూర్చుంటాను,” అన్నాడు బరకాత్. తరువాత, వెళ్లబోతూ, “దొంగనన్నావు నన్ను,” అన్నాడు.

“అన్నాను.”

క్షమించమనే మాట ముతీకి అలవాటు లేదు. గుడ్డ తీసుకుని కారు ముందు అద్దం తుడిచాడు. అది తుడవాల్సినంత మురికిగా లేదు.

ఆ సాయంత్రం ఖితామ్‌కు అంతా చెప్పాడు. “నువ్వు ఒకరి మాట నమ్మావా? జ్వరమేమైనా ఉందా?” అని ఆమె నుదుటి మీద చెయ్యి పెట్టింది. ఫోను తీసి తమ్ముడి పేరు దాకా వెళ్లాడు ముతీ. ఇన్నాళ్లకు ఎందుకు చేశాడో అని వాడు అనుమానిస్తాడేమో అనిపించింది. చెయ్యకుండానే ఫోను పక్కన పెట్టేశాడు.

బాదం చెట్లు పూసే రోజుల్లో ఆ కారు మళ్లీ వచ్చింది. స్టీరింగు ముందు ఎవరో యువకుడు, చలవ కళ్లద్దాలతో. ఇంకా ఆయిల్ మార్చాల్సిన సమయం కాలేదు. ముతీ కారుకు అడ్డంగా నిలబడ్డాడు.

“నువ్వెవరు? ఈ తాళం నీకెవరిచ్చారు? బరకాత్ ఏడీ?”

“నేను రమ్జీని, నజ్లా అత్త మేనల్లుణ్ణి,” అంటూ అతను దిగి కళ్లద్దాలు తీశాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. “అత్త మీకో మాట చెప్పమంది. ఇక చిక్కటిది అక్కర్లేదట. కారుకు ఏది మంచిదో అదే పొయ్యమంది. అంటే మీకు అర్థమవుతుందంది.”

ముతీ కారు ముందు నుంచి పక్కకు తప్పుకున్నాడు. ఆ కుర్రాడే చెప్పాడు. మొన్న బరకాత్ పొద్దున్నే స్టార్టు చేసి, వేడెక్కేదాకా కూర్చుంటాడు కదా, అలాగే కూర్చున్నాడట. అత్త కిటికీ దగ్గర వింటూనే ఉందట. ఎంతకీ కదలకపోయేసరికి చెప్పులైనా లేకుండా పెరట్లోకి వెళ్లిందట. గుండె ఆగిపోయిందన్నారు డాక్టర్లు.

ముతీ గుంతలోకి దిగాడు. బోల్టు తిప్పాడు. ఇంకా పాడవని ఆయిల్, మందంగా, నిదానంగా దిగింది. వేళ్ల మధ్య రుద్ది చూడలేదు. పది-నలభై పోసి, తానే ఎక్కి తాళం తిప్పాడు. చప్పుడు షెడ్డంతా వినిపించింది. పక్క షెడ్డువాడు కూడా తల తిప్పి చూశాడు. ముతీ ఇంజన్ ఆపలేదు. ముల్లు లేచి నిలబడే దాకా అలాగే కూర్చున్నాడు.

దిగి, సీట్ల మీద ఆయిల్ మరక పడిందేమోనని వెనక తలుపు తెరిచాడు. అమ్మగారు కూర్చునే చోట, మలుపుల్లో జారిపోకుండా సీటు బెల్టు పెట్టి, రబ్బరు వేడినీళ్ల సంచి ఒకటి ఉంది. దాని ఊలు తొడుగు ఒక మూల విప్పుకుపోతే మగవాడి కుట్టుతో కుట్టి ఉంది. లోపల ఆ పొద్దున పోసిన నీళ్లు నిండుగా, చల్లగా ఉన్నాయి.