జారే గీత

"డీలరు వస్తా ఉండాడు, పొడుగు చేతుల రవికె వేసుకో" అన్నాడు బాలసుందరం, ఇడ్లీ తుంచుతూ, తల ఎత్తకుండా. పొద్దుటి నుంచి ఇది మూడోసారి. వేదవల్లి చట్నీ గిన్నె భర్త వైపు జరిపింది.

రెండు వారాలుగా ఆమె ఎడమ ముంజేతి మీద ఒక పచ్చబొట్టు ఉంది. ఒక నిలువు గీత, ఒక అడ్డగీత, వాటి మధ్య ఎడమపక్క ఎత్తున మొదలై కుడివైపు వంగుతూ దిగే మూడో గీత. దాని నడుమ ఒక చుక్క. అత్త కమలం చేతి మీద కూడా పచ్చబొట్టు ఉంది, పదేళ్ళప్పుడు పొడిపించుకున్న తేలు. "నాది తేలని పసిబిడ్డ గూడా చెప్తాది. నీదేందే, జారుడుబండనా? మొగుని పేరైనా రాసుకోకపోతివి" అంది ఆవిడ మొదటిరోజే. మొగుడి పేరు పంపుల కంపెనీ బోర్డు మీద ఉంది కదా అత్తా అనబోయి, వేదవల్లి ఊరుకుంది.

అది వాళ్ళ కొత్త పంపు గీత. ఎంత ఎత్తుకు ఎన్ని నీళ్ళు పోస్తుందో చెప్పే గీత. పీలమేడులో ఇంటి వెనక షెడ్డులో, వాల్వు కొద్దికొద్దిగా మూసి పంపుకు ఎత్తు పెరిగినట్టు చేస్తూ ఎనిమిది నెలలు ఆ లెక్కలు తీసింది ఆమె. ఫిజిక్సు చదివి కోడలై వచ్చిన కొత్తలో, "ఊరికే ఉండేదానికి ఇది చూసుకోనీ" అని మామ షెడ్డు తాళం ఇచ్చాడు. ఆ "ఊరికే" ఇరవై ఒక్క ఏళ్ళు సాగింది. కుక్కరు మూడు కూతలు కూసేలోగా ఒక రీడింగు, అత్తకు మాత్ర ఇచ్చి వచ్చి ఇంకొకటి. కొత్త క్యాటలాగులో తన పేరు వేయమని ఒక్కసారి అడిగితే భర్త నవ్వాడు. "పంపు కింద ఆడపేరా? డీలర్లు నగుతారు." ఎత్తు పెంచేకొద్దీ నీళ్ళు తగ్గుతాయి. చుక్క పెట్టిన చోట పంపు సుఖంగా నడుస్తుంది. అరవై మీటర్లు చేరితే తిరుగుతుంది, చప్పుడు చేస్తుంది, వేడెక్కుతుంది, చుక్క నీరు పోయదు. ఒక మధ్యాహ్నం వాల్వు పూర్తిగా మూసి ఆ చప్పుడు వింటూ నిలబడింది. ఎక్కడో విన్న చప్పుడే అనిపించింది. "వల్లీ, కాఫీ ఏమాయ?" అని కేక వచ్చింది. ఆ వారంలోనే గాంధీపురం వెళ్ళి పచ్చబొట్టు పొడిచేవాడి ముందు చేయి చాచింది.

పొడుగు చేతుల రవికె ఇస్త్రీ చేసింది. చేసి, మంచం మీదే వదిలేసింది.

తిరుమంగళం డీలరు వీరప్ప అచ్చయి వచ్చిన క్యాటలాగు ముందేసుకుని కూర్చున్నాడు. "ఏం తంబీ, ఈ గీత ఎక్కతా ఉండాదే? ఎత్తు పెరిగితే నీళ్ళు ఎక్కువ పోస్తాదా? అట్లయితే మా ఊరికంతా ఒక పంపు చాలు."

కాఫీ తెచ్చిన వేదవల్లి వంగి చూసింది. తాను దించిన గీత అందులో పైకి ఎక్కుతోంది.

"దిగే గీత చూసేదానికి బాగలేదని ప్రెస్సులో నేనే తిప్పమంటి" అన్నాడు బాలసుందరం గొంతు తగ్గించి. "వల్లీ, నువ్వు లోపలికి పో."

గ్లాసు అందుకోబోయిన వీరప్ప చేయి ఆగింది. "తాయీ, ఆ చెయ్యి ఇట్ల చూపు." క్యాటలాగు వంక, ముంజేతి వంక మార్చి మార్చి చూశాడు. "ఇది గదా గీత. ఎవరు తీసింది?"

"మా లాబ్‌లో..." బాలసుందరం మొదలుపెట్టాడు.

"నేనే" అంది వేదవల్లి.

వంటింట్లోంచి అత్త పిలిచింది. "వల్లీ, బోండాలు మాడిపోతా ఉండాయి."

"పోవే, చెప్పేది విను" అన్నాడు బాలసుందరం.

ఆమె ట్రే బల్ల మీద పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చుంది. "నాకు అరవై మీటర్లు వచ్చేసినాయి" అంది అతనితో. అతనికి అర్థం కాలేదు. ఆ గీత అతను ఏనాడూ చదవలేదు.

అందుకే తెలిసేలా చెప్పింది. "రీడింగుల నోటు నా దగ్గర ఉండాది. మళ్ళా అచ్చు వేసేటప్పుడు గీత కింద నా పేరుండల్ల. లేకుంటే ఎక్కే గీతతోనే అమ్ముకోండి. ఇప్పటికి బోండాలు దింపి రండి, నాకు వీరప్పన్నతో పని ఉండాది."