కడిగిన రాళ్ళు

తప్పు నాదే, ముందే ఒప్పుకుంటున్నాను. టెక్కలి కోర్టులో ఇరవై రెండేళ్ళుగా సవర గిరిజనుల భూముల కేసులు వాదిస్తున్న ప్రమోదిని, అంటే నేను, వివరం లేకుండా అన్న ఒక్క మాట వల్ల వచ్చింది ఇదంతా.

మందస కొండ మీద నా కక్షిదారు కాసులమ్మ జీడితోటకు అటవీ హక్కు పట్టా రావాలంటే, 2005కు ముందు నుంచే ఆ నేల వాళ్ళ చేతిలో ఉందని రుజువు కావాలి. కాగితాల్లేవు. చనిపోయినవాళ్ళ పేరున సవరలు పాతే నిలువురాళ్ళు మాత్రం తోటలో తొమ్మిదున్నాయి. వాటి మీద ఏళ్ళ తరబడి పేరుకున్న నాచే మా సాక్ష్యం. ఆఫీసర్లు తనిఖీకి వస్తున్నారు, రాళ్ళ దగ్గర శుభ్రం చేయించండి అని కాసులమ్మ వాళ్ళతో అన్నాను. తుప్పలు కొట్టమని నా ఉద్దేశం.

వాళ్ళేమో తమ పెద్దలను చూడ్డానికి ఆఫీసర్లొస్తున్నారని రాళ్ళను చింతపండుతో తోమి, పసుపు రాశారు. నాచు పెచ్చు కూడా మిగల్లేదు.

తనిఖీ అధికారి చుట్టూ తిరిగి చూసి, పోయిన వారం పాతినట్టున్నారే అని నవ్వాడు. ఒళ్ళు మండింది. తవ్వి చూడండి, పాతదో కొత్తదో కిందే తెలుస్తుంది అనేశాను. పాతిన రాయి మొదలుకు ఇనుము తగిలితే పోయినవాళ్ళు ఉలిక్కిపడి లేస్తారని ఈ ఊరి నమ్మకం. గునపం పట్టుకోవడానికి ఒక్కరూ కదల్లేదు. తవ్వడానికి ఒప్పుకోలేదని రాసుకోనా అన్నాడు అధికారి, పెన్ను తీస్తూ.

కాసులమ్మ తన మామ రాయి, మొగుడి రాయి దాటి, పెద్ద జీడిచెట్టు కింద పొట్టి రాయి దగ్గర ఆగింది. ఏడేళ్ళకే జ్వరంతో పోయిన కొడుకు చిన్నారావుది.

"ఈడిది తవ్వుదాం, లాయరమ్మా. పెద్దోళ్ళకైతే కోపమొత్తాది. ఈడు నా బిడ్డ, నన్నేటీ అనడు."

గునపం తనే అందుకుంది. మూరెడు లోతున, నా మణికట్టంత లావు జీడివేరు రాయిని చుట్టుకుని ఉంది. అధికారి వంగి చూశాడు. ఫోటో తీసి, అంత వేరు చుట్టుకోవాలంటే రాయి 2005కు ముందుదే అయ్యుండాలని రాసి సంతకం పెట్టాడు. గెలిచామని గట్టిగా అరవాలనిపించింది నాకు.

కాసులమ్మ ఇటు చూడనే లేదు. గొయ్యి పక్కన కూర్చుని, చేతులతో మట్టి నెడుతూ సవరలో ఏదో అంటోంది. ఇన్నేళ్ళైనా ఆ భాష నాకు రాదు. ఏమంటున్నావని అడిగాను.

"ఏటీ నేదమ్మా. లెగిసిపోనావేటి నాన్నా, అయిపోనాది, తొంగో అన్నాను."