రోజుకి ముప్పై వేల అడుగులు

జనం రోజుకి ఎంత కదులుతున్నారు, దానివల్ల వాళ్ళ ఆరోగ్యం ఏమవుతోంది అన్నది తేల్చడం నా ఉద్యోగం. తేల్చేది పొద్దస్తమానం కుర్చీలో కూర్చునే లెండి. ఈ సంగతి తలుచుకుని మా ఆయన నవ్వినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది.

ఆ కుర్చీ కూడా నెలాఖరుదాకే. నివేదికలో కొత్త సంగతేదైనా ఉంటేనే ఇంకో రెండేళ్ళు పొడిగిస్తానని మా మేడం తెగేసి చెప్పారు. వందమందికి అడుగులు లెక్కపెట్టే మీటర్లిచ్చి వారంపాటు పెట్టుకోమన్నాం. తీరా చూస్తే డెబ్భై దాటిన పన్నెండుమంది సగటు కుర్రాళ్ళని మించిపోయింది. మేడం మురిసిపోయారు. హమ్మయ్య, గండం గడిచిందనుకున్నాను.

కాగితాలు మళ్ళీ తిరగేస్తే పదకొండుమందీ మామూలే. ఒక్క దర్జీ తాతగారే రోజుకి ముప్పై వేల అడుగులు. అదే ఫారంలో 'మోకాళ్ళ నొప్పులు, నడవలేను' అనీ ఉంది. నోరు మూసుకుని ఊరుకోవచ్చు కదా? నా పాడుబుద్ధి ఊరుకోనిస్తేగా. ఆయన కొట్టుకి వెళ్ళాను.

తాతగారు కుట్టుమిషన్ ముందు కూర్చుని జేబులు కుడుతున్నారు. నడుముకి పెట్టుకోమన్న మీటరు చీలమండకి కట్టుకున్నారు. వంగి బట్ట కత్తిరిస్తుంటే నడుము దగ్గర గుచ్చుకుంటోందట. కాలు పెడల్ మీద టకటకా ఆడుతోంది, మీటరు అడుగులు లెక్కేసుకుంటూ పోతోంది.

ఇది నడక కాదండీ, మా ఫారం ప్రకారం మీరు రోజంతా కూర్చున్నట్టే అని నసిగాను.

ఆయన కాలు ఆపారు. "యాభై ఏళ్ళుగా తొక్కుతున్నానమ్మా. ఊరికే కూర్చున్నానంటావా?"

సిగ్గుతో చచ్చిపోయాను. తిన్నగా ఆఫీసుకొచ్చి మేడం ముందు ఉన్నదంతా కక్కేశాను. తాతగారిని తీసేస్తే కొత్త సంగతేమీ మిగలదనీ, నా కుర్చీ పోతుందనీ తెలిసే చెప్పాను.

ఆవిడ ఫారం అటూ ఇటూ తిప్పారు. నిలబడ్డారా, కూర్చున్నారా, నడిచారా అని మూడే గడులు.

"మిగతావాళ్ళు కూర్చుని ఏం చేస్తారో అడిగావా?"

"లేదండీ. ఆ ప్రశ్నే లేదు."

"ఈ ఫారం తయారుచేసిందెవరు?"

"నేనేనండీ," అన్నాను తల దించుకుని.

"దీన్ని బాగుచెయ్యడానికి రెండేళ్ళు సరిపోతాయా?"