రాయికి కట్టిన మొక్క

బుధవారం పొద్దున్న సత్తిరాజు నర్సరీలోని మామిడి అంట్లన్నీ నల్లకవర్లతో సహా నడిచొచ్చి అతని ఇంటి అరుగు మీద కూర్చుంటాయి. గులాబీలు కాస్త వెనగ్గా వీధిలో నిలబడతాయి. ఇల్లాలు మాణిక్యం ఎవరికీ తక్కువ చెయ్యకుండా తలో చెంబు నీళ్ళు పోస్తుంది. ఇంటికొచ్చినవాళ్ళకి ఆమాత్రం మర్యాద చెయ్యాలి కదా.

అన్నిట్లోకీ పెద్దదైన బంగినపల్లి అంటు గొంతు సవరించుకుంటుంది.

"మీ గాజుతొట్టిలో నీటిమొక్క కుళ్ళిపోతందంట. నిజమేనాండీ?"

"ఎవరు చెప్పారు?" అంటాడు సత్తిరాజు.

"కరివేపాకు చెప్పిందండీ. కిటికీ పక్కనే కదా దాని కాపరం."

ఇక దాచడానికేం లేదు. సత్తిరాజు ముప్ఫై రెండేళ్ళుగా కడియంలో అంట్లు కడుతున్న మనిషి. అతని చెయ్యి తగిలితే గొడుగు కర్రైనా చిగురేస్తుందని ఊళ్ళో అంటారు. ఒకసారి వేసింది కూడా. అది ఇప్పటికీ పెరట్లో ఏటా ఒక చిన్న గొడుగు కాస్తుంది.

అలాంటివాడికి రాజమండ్రి రంగుచేపల కొట్టతను ఈ మొక్క ఇస్తూ, "బాబాయ్ గారూ, ఇది కొత్తగా మొదలెట్టేవాళ్ళ మొక్కండి. దీన్ని చంపడం ఎవరివల్లా కాదండి" అన్నాడు. తనని కొత్తవాడనేసరికి సత్తిరాజుకి ఒళ్ళు మండింది. ఎలా నాటాలో అతను చెప్పబోతుంటే వినకుండా వచ్చేశాడు.

వచ్చి, నేల మీద నాటినట్టే నాటాడు. వేలంత లావున్న కాండాన్ని గులకరాళ్ళలో మెడదాకా దించి బొటనవేలితో గట్టిగా నొక్కాడు. మాగిన పశువుల ఎరువు గుప్పెడు వేశాడు. ఎండ బాగా తగలాలని తొట్టిని కిటికీలో పెట్టాడు. ఐదోరోజుకి నీళ్ళు రుబ్బిన గోరింటాకులా తయారయ్యాయి. మొక్కకి ఒకే ఒక్క ఆకు మిగిలింది.

"పొద్దు వాలేలోగా అది చిగురెయ్యకపోతే మేం కాలవ అవతలి నర్సరీకి ఎల్లిపోతామండీ" అంటుంది బంగినపల్లి. "మీ మీద కోపం కాదండీ. హస్తవాసి పోయిన మనిషి దగ్గరుంటే మా పరువేం గాను?"

అంట్లు వెళ్ళిపోతే ఊళ్ళో సత్తిరాజు ఎవరని చెప్పుకోవాలి? చొక్కా చేతులు మడిచి తొట్టిలో చెయ్యి పెడతాడు. అడుగు అందదు. మోచెయ్యి మునుగుతుంది, భుజం మునుగుతుంది. చివరికి చెప్పులు విడిచి మొత్తంగా దిగిపోతాడు.

"తువ్వాలు పట్టుకెళ్ళండి" అని మాణిక్యం వెనక నుంచి అందిస్తుంది.

లోపల నాలుగెకరాల గులకరాళ్ళ పొలం ఉంది. దాని మధ్యలో నిలువెత్తు మొక్క మెడదాకా కూరుకుపోయి ఉంది.

"ఎవరండీ నన్నిలా పూడ్చింది?"

"నేనే. వేళ్ళు బాగా దిగుతాయని."

"వేళ్ళు వాటి దారి అవి చూసుకుంటాయండీ. నా ఒళ్ళు పైనుండాలి. ఇలా పూడ్చేస్తే కుళ్ళక ఏం చేస్తాను?"

"మరి మట్టి లేకుండా దేన్ని పట్టుకుని బతుకుతావు?"

"మీకు తెలీదాండీ?"

ముప్ఫై రెండేళ్ళలో సత్తిరాజుని ఆ మాట అడిగినవాళ్ళు లేరు. సిగ్గు ముందు చెవులకెక్కుతుంది, తర్వాత చేపలా పక్కనుంచి ఈదుకుంటూ పోతుంది.

"తెలీదమ్మా" అంటాడు. "నీళ్ళలో నాకిదే మొదలు."

ఆ మాట నోట్లోంచి బుడగై వచ్చి, పైకి పోతూ పోతూ నీళ్ళలోని పచ్చదనాన్నంతా వెంటబెట్టుకుపోతుంది. నాలుగెకరాలూ తేటపడతాయి.

"రాయికి కట్టండి, చాలు" అంటుంది మొక్క. "మరీ బిగించకూడదు, మరీ వదలకూడదు. మీకు కట్టడం వచ్చాండీ?"

కట్టడం వచ్చా అట! సత్తిరాజుకి నవ్వాగదు. నవ్వుతూనే మొక్కని పైకి తీస్తాడు. మొలలో ఎప్పుడూ ఉండే అంట్లు కట్టే కత్తితో కుళ్ళిన మేరకి ఏటవాలుగా కోస్తాడు. పక్కనున్న నల్లరాయి మీద కూర్చోబెట్టి, జేబులోని దారం రెండు చుట్లు తిప్పి ముడేస్తాడు. అంత చక్కటి ముడి నీళ్ళలో ఎవరూ వేసి ఉండరని అతనికి తెలుసు. తెలిసి ఛాతీ రెండంగుళాలు పెరుగుతుంది. చొక్కా గుండీ ఒకటి ఊడి పైకి తేలిపోతుంది.

మొక్క ఒళ్ళు విరుచుకుంటుంది. దారం పక్కనే చుట్టచుట్టుకున్న లేతాకు ఒకటి బయటికొస్తుంది.

సత్తిరాజు బయటపడేసరికి ఇంకా ఎండ ఉంది. బంగినపల్లి తొట్టి మీదికి వంగి ఆకుని, ముడిని, మళ్ళీ ఆకుని చూస్తుంది.

"కట్టు మనకి కట్టినట్టే ఉందర్రా" అంటుంది మిగతావాటితో.

అంట్లు లేచి ఎవరి వరసలోకి అవి వెళ్ళిపోతాయి. గులాబీలు మాత్రం "మా సత్తిరాజు గారండీ" అని దారిపొడుగునా చెప్పుకుంటూ పోతాయి. ఆ మాట విని అతనికి కళ్ళు చెమరుస్తాయి. తుడుచుకుందామంటే తువ్వాలు నీళ్ళోడుతోంది.

ఈలోగా వీధి చివర అలికిడి. గోదారి నడుమ ఉండే లంకలు వస్తున్నాయి. అరటితోటలతో, పాకలతో, ఒకదాని వెనక ఒకటి, ఇరుకు వీధిలో ఒద్దికగా పక్కకి తిరిగి నడుస్తున్నాయి. ఒక్కొక్కటీ ఒక్కో కొండని చంకన పెట్టుకుంది.

"ఏటా వరదకి కోసుకుపోతన్నామండీ" అంటుంది ముందున్న లంక. "ఎవరో గట్టిగా కడతారని తెలిసి వచ్చాం."

సత్తిరాజు దాని చుట్టూ ఒకసారి నడిచి, జానతో కొలుచుకుని, మాణిక్యాన్ని పెద్ద దారపుండ తెమ్మంటాడు.

"తోసుకోకండి, అందరికీ కడతాను" అంటాడు. ఆ గొంతు వీధి వీధంతా వినిపిస్తుంది.

లంక తన కొండ మీద సర్దుకుని కూర్చుంటుంది.

"కదలకమ్మా" అంటాడు సత్తిరాజు.

లంక ఊపిరి బిగబట్టుకుంటుంది. దాని మీద మేస్తున్న గేదె కూడా నమలడం ఆపి నిలబడుతుంది.