నిలబెట్టి తీసిన స్కాను

"ఇది మూడో స్కానండీ. రెండుసార్లూ అంతా బాగానే ఉందన్నారు. కాళ్లనొప్పులంటూ పని ఎగ్గొట్టడానికి వేషాలు," అన్నాడు తండ్రి. ఇస్త్రీ షాపు ఆయనది. కూతురు అక్కడే పక్క బల్ల దగ్గర రోజంతా నిలబడి ఇస్త్రీ చేస్తుంది.

"ఈసారీ బాగుందంటే రేపట్నుంచి నోరెత్తకుండా నిలబడతానని మాటిచ్చాను," అంది ఆ అమ్మాయి నాతో.

నాకు ఒళ్లు మండింది. ఇరవై రెండేళ్లుగా కాళ్ల స్కాన్లు తీస్తున్నాను. వేషాలు వేసే కాలు ఒక్కటీ తగల్లేదు.

పాత రిపోర్టులు తిరగేశాను. రెండూ పడుకోబెట్టి తీసినవే. పడుకుంటే రక్తం కిందికి జారదు, ఇక తప్పెలా దొరుకుతుంది?

అమ్మాయిని స్టూలెక్కించాను. బరువంతా కుడికాలి మీద వేయమని, ఎడమ మోకాలి వెనక స్కాను యంత్రం ప్రోబు ఆనించి, పిక్క నొక్కి వదిలాను. నొక్కగానే తెర మీద రక్తం నీలంగా పైకి పోయింది. వదిలాక ఆగాలి. ఆగకుండా ఎర్రగా మారి కిందికి జారింది, నాలుగు సెకన్లు. రెండో కాలూ అంతే. ఆ పిల్ల అబద్ధం చెప్పలేదని నాకు సంతోషమేసింది. సంతోషించాల్సిన సంగతి కాదు గానీ, వేసింది.

డాక్టరమ్మ వచ్చి చూసింది. "రక్తం వెనక్కి జారకుండా సిరల్లో చిన్న చిన్న కవాటాలుంటాయి. నీకు పుట్టుకతోనే అవి సరిగా మూసుకోవు. బిగుతు మేజోళ్లు వేసుకో, కూర్చుని చేసే పని చూసుకో." తర్వాత తండ్రి వైపు తిరిగింది. "ఇది కొన్ని కుటుంబాల్లో వస్తుంటుంది. ఇంట్లో ఇంకెవరికైనా సాయంత్రానికి కాళ్లు వాస్తాయా?"

"అది అందరికీ ఉండేదే కదండీ."

"అందరికీ ఉండదు."

ఆయన నన్ను చూశాడు. "మీకూ వాయవా? మీదీ రోజంతా నిలబడే పనే కదా."

"వాయవు," అన్నాను. నోటిదురుసు మనిషిని, ఆ మాట మాత్రం మెల్లగా వచ్చింది.

ఆయన చెప్పులు విప్పి, ప్యాంటు మడిచి, తనే స్టూలెక్కాడు. చీలమండల దగ్గర చర్మం నల్లబడి ఉంది. పిక్క నొక్కి వదిలాను. ఆరు సెకన్లు.

"'నలభై ఏళ్లుగా నేను ఓర్చుకోవడం లేదా' అని తిట్టానమ్మా నిన్ను," అన్నాడు కూతురితో. "అందరూ ఓర్చుకుంటున్నారనుకున్నాను."

అమ్మాయి మొహంలో కోపం పోలేదు. అయినా దిగడానికి చెయ్యి అందించింది.

"నీకూ నొప్పేనా నాన్నా?"

ఆయన మడిచిన ప్యాంటు కిందికి దించుకున్నాడు.

"నొప్పేనమ్మా," అన్నాడు. ఆ మాట ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదట.