నొప్పి పోయిన కాలు

రాజలింగు మొండివాడు. బొగ్గుబాయిలో బొగ్గు మోసే ఇనుప టబ్బు జారి చక్రం పాదం మీదికి ఎక్కితే పెద్దవాళ్లకు చెప్పుకోవాల్సింది పోయి, తువ్వాల చుట్టుకుని షిఫ్టు అయ్యేదాకా పనిచేసి, క్వార్టరుకు కుంటుతూ నడిచే వచ్చాడు. భార్య ఎల్లక్క తువ్వాల విప్పి చూసింది. పాదం మీద తోలు చీరుకుపోయి, లోపలికంటా బొగ్గుపొడి దిగబడి ఉంది.

"దవాఖానకు పోదాం పా," అంది.

"నేను రాను. నిరుడు మా బాయి కైలాసం గిట్లనే దవాఖానకు పోయిండు. మోకాలికాడికి కోసి పంపిండ్రు. కాలు లేనోనికి బాయిల పనెక్కడిది? పని లేనోనికి గీ క్వార్టరెక్కడిది? ఎవలికీ చెప్పకు. పిల్లల మీద ఒట్టెయ్యి."

ఎల్లక్క ఒట్టేసింది. ఒట్లు వేయించుకోవడానికి ఉన్న తెలివి మగవాళ్లకు తక్కినచోట ఎక్కడికి పోతుందో తెలియదు. కైలాసం కాలు ఎందుకు కోశారు, కోయకపోతే ఏమయ్యేవాడు అన్న మాట మాత్రం మొగుడూ అడగలేదు, పెళ్లామూ అడగలేదు.

మర్నాడు పొద్దున్నే అంబదాస్ క్వార్టర్ల వైపు వచ్చాడు. ఆసిఫాబాద్ దిక్కు ముసలాయన, నెమలి కొవ్వు కాచి తీసిన నూనె అమ్ముతాడు. వాపులకూ పట్లకూ దాన్ని మించిన మందు లేదని ఆ చుట్టుపక్కల పేరు. మోసగాడైతే ఎల్లక్క ఇట్టే పట్టేసేది. ఆయన మోసగాడు కాకపోవడమే ఆ ఇంటికి చేటు తెచ్చింది.

"వాపును గుంజుతది బిడ్డా. పూటకోసారి రాయి. నొప్పి పోయిందంటె లోపల మానుడు షురువైనట్టే. ఫికర్ చెయ్యకు," అని చిన్న సీసా ఇచ్చిపోయాడు.

ఎల్లక్క పూటకోసారి రాసింది. బొగ్గులో రాళ్లు ఏరి ఏరి ఆమె కుడిచేతి వేళ్లు రెండేళ్లుగా కణుపుల దగ్గర వాచి ఉండేవి, పిడికిలి బిగిసేది కాదు. మొగుడి కాలికి రాయగా రాయగా మూడోనాటికి ఆ వేళ్లు వంగాయి. చీపురు గట్టిగా పట్టుకుని ఇల్లూడుస్తూ ఆమె సంబరంతో కళ్లనీళ్లు పెట్టుకుంది. ఇక నమ్మకుండా ఎలా ఉంటుంది?

అదే రోజు రాజలింగుకు కూడా నొప్పి పోయింది. రెండు రాత్రులు పళ్లు బిగబట్టి మూలిగినవాడు లేచి కూర్చుని జొన్నరొట్టె అడిగాడు. ఒళ్లు మాత్రం కాలుతోంది, కళ్లలో ఏదో మెరుపు, ఊరికే మాట్లాడుతున్నాడు. వాపు పాదం దాటి పిక్కమీదికి పాకింది.

"గుంజుతదని ముసలాయన చెప్పలే? మీదికి గుంజుతుంది," అన్నాడు రాజలింగు.

పాదం నల్లబడింది. బాయి మనిషి కాలు నల్లగా ఉంటే ఎవరు పట్టించుకుంటారు? గదిలో ఏదో తియ్యటి కుళ్లు వాసన వేస్తే కొవ్వునూనె కదా అనుకున్నారు. ఎల్లక్కకు మాత్రం అన్నం సయించలేదు. ఎందుకు భయమేస్తోందో ఆమెకే తెలియలేదు.

నాలుగోనాడు పొద్దున ఆమె పొయ్యిమీద నీళ్లు కాచింది. ఆ బొగ్గుమసి ఒక్కసారి కడిగి, శుభ్రమైన తోలు కంటితో చూస్తే తప్ప ఆమెకు మనసు నిలవదు. రాజలింగు గడప దగ్గర మంచంమీద కూర్చుని, కాలు వేలాడేసి, బీడీ ముట్టించుకుని షిఫ్టుకు పోయేవాళ్లను చూస్తున్నాడు.

"సోమారం డ్యూటీకి పోత. జరమొచ్చిందని చెప్త," అన్నాడు అటే చూస్తూ.

ఎల్లక్క బకెట్టు ముందుకు జరిపి, అతని పాదం ఎత్తి అందులో పెట్టింది. నీళ్లు బాగా కాగాయి, ఆ వేడికి తన చేతులే ఆగడం లేదు. సబ్బు పూసి పీచుతో తోమింది. చీలమండ తోమింది, వేళ్ల సందులు తోమింది. సబ్బునురగ తెల్లగానే ఉంది. నలుపు పోలేదు.

బొటనవేలితో గట్టిగా నొక్కింది. తోలుకింద గళ్లుప్పు నలిగినట్టు సన్నగా కరకరలాడింది. పాదం ఆ వేడినీళ్లలో కూడా మనిషి పాదంలా ఎర్రబడలేదు. గోరు గుచ్చింది. రక్తం రాలేదు, అతను కదలలేదు.

రాజలింగు బీడీ పొగ వదిలి, వీధివైపు చూస్తూనే అడిగాడు.

"ఏమే, నీళ్లు ఇంకా కాగలేవా? ఎప్పుడు కడుగుతవ్?"

ఎల్లక్క పీచు అక్కడే పడేసి, తడిచేతులతోనే వీధిలోకి పరుగెత్తింది. వెనకనుంచి అతను ఒట్టు గుర్తుచేస్తూ పిలుస్తూనే ఉన్నాడు. దవాఖాన గేటు దగ్గర ఎదురైన మొదటి మనిషి, కంపౌండరో జవానో కూడా చూడలేదు, అతని చెయ్యి పట్టుకుంది.

"కాలు పోతె పోనియ్యుండ్రి బాంచెన్," అంది. "మనిషిని దక్కియ్యుండ్రి."